మూగజీవి పరుగు - మనిషి జూదం

'గ్రేహౌండ్స్' అనగానే మన తెలుగువారికి గుర్తుకొచ్చేది పోలీసులు. 1989లో నక్సలైట్లను ఎదుర్కొనేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రత్యేక దళానికి ఆ పేరు పెట్టారు. అసలు ఆ పేరు ఒక వేటకుక్కది. సన్నని నడుము, పొడుగాటి కాళ్లు, లోతైన ఛాతీ గల ఆ కుక్క గంటకు అరవై కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తగలదు. ఆ వేగమే దాని పాలిట శాపంగా మారిన వైనం నాకు తెలిసింది ఒక విద్యార్థి వల్ల.

మా మక్తబ్‌లో చదువుకునే ఒక పిల్లవాడు ఒకరోజు అస్ర్ నమాజు తర్వాత నా దగ్గరకు ఫోను తెచ్చాడు. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న వాళ్ల మామూ పంపిన వీడియో అది. ఆరు కుక్కలు రంగురంగుల జాకెట్లు తొడుక్కుని ఇసుక బాట మీద దూసుకుపోతున్నాయి. మొదటి మలుపు దగ్గర రెండు ఢీకొన్నాయి. ఒకటి పల్టీలు కొట్టి పడిపోయి, మూడు కాళ్ల మీద లేచి నిలబడింది. కెమెరా దాని కోసం ఆగలేదు, ముందున్న కుక్కల వెంటే వెళ్లిపోయింది. "దాని కాలు ఏమైంది బేటా?" అని అడిగాను. "ఏమో హజ్రత్, చూపించలేదు. అయినా కుక్క నజిస్ కదా, దానికేమైతే మనకేంటి?" అన్నాడు.

పన్నెండేళ్ల పిల్లవాడి నోట వచ్చిన ఆ మాట నన్ను కలవరపరిచింది. ఆ మాట వాడికి ఎవరు నేర్పారు? మనమే నేర్పాము. మసీదు గేటు దగ్గర పడుకున్న కుక్కను రాయి పెట్టి కొట్టే పెద్దలను చూసి వాడు పెరిగాడు. చిన్నప్పుడు ఆ రాళ్లు విసిరిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ శుక్రవారం ఈ విషయం మీ ముందు పెడుతున్నాను.

ముందు ఈ పందెం ఎలా నడుస్తుందో చూద్దాం. వేటకుక్కల చేత బతికున్న కుందేలును తరిమించే వినోదం ఇంగ్లండులో చాలా పాతది. 1919లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓవెన్ ప్యాట్రిక్ స్మిత్ అనే ఆయన పట్టా మీద యంత్రంతో పరుగెత్తే బొమ్మ కుందేలును పెట్టి గుండ్రటి బాట మీద పందేలు మొదలుపెట్టాడు. 1926 జూలైలో అది బ్రిటన్ చేరింది. మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ స్టేడియంలో తొలి పందెం జరిగింది. కొద్ది సంవత్సరాల్లోనే ఐర్లండు, ఆస్ట్రేలియా దేశాలకు పాకింది. 1929, 1930 సంవత్సరాల్లో ఇంగ్లిష్ డెర్బీ గెలిచిన 'మిక్ ది మిల్లర్' అనే కుక్క ఎంత పేరు తెచ్చుకుందంటే, చనిపోయాక దాని చర్మంలో దూది కూరి మ్యూజియంలో నిలబెట్టారు. గెలిచిన కుక్కకు మ్యూజియం దక్కింది. మరి ఓడిన కుక్కలకు?

అక్కడికి వెళ్లే ముందు, పరుగెత్తుతున్న కుక్కకు ఏమవుతుందో తెలుసుకోవాలి. బాట గుండ్రంగా ఉంటుంది. కుక్కలు ఎప్పుడూ ఎడమ వైపే తిరుగుతాయి. అంత వేగంలో మలుపు తిరిగేటప్పుడు శరీరం బరువు బయటి వైపుకు, అంటే కుడి వెనుక కాలి మీదకు నెట్టుకొస్తుంది. ఆ కాలి మడమ దగ్గరి చిన్న ఎముకలు చిట్లిపోవడం పందెపు గ్రేహౌండ్లలో ఎంత మామూలంటే, పశువైద్యులు దాన్ని ఈ పందేనికే ప్రత్యేకమైన గాయంగా పరిగణిస్తారు. ఒకే మలుపు, ఒకే కాలు, వందలసార్లు. పైగా అన్ని కుక్కలూ ఒకే బొమ్మ మీద కన్నేసి మొదటి మలుపు దగ్గర ఒకే చోటికి దూరతాయి. అక్కడే ఢీకొంటాయి, పడిపోతాయి, మెడలు, కాళ్లు విరుగుతాయి. సిడ్నీలోని సాంకేతిక విశ్వవిద్యాలయం వారు ఈ గాయాలను పరిశీలించి, మలుపులు లేని తిన్నని బాటలు వేయమనీ, ఎనిమిదికి బదులు ఆరు కుక్కలనే పరుగెత్తించమనీ సూచించారు. అంటే గాయం కుక్క దురదృష్టం వల్ల కాదు, బాట వేసిన తీరు వల్ల వస్తోందన్నమాట.

అంకెలు కావాలంటే పందేలు నడిపేవారే ఇచ్చారు. బ్రిటన్ గ్రేహౌండ్ బోర్డు 2018 నుంచి లెక్కలు ప్రకటిస్తోంది. ఆ సంవత్సరం గాయాలు 4,963. పందెపు బాట మీదే చనిపోయినవి లేక అక్కడే చంపవలసి వచ్చినవి 242. 2024లో గాయాలు 3,809, బాట మీద మరణాలు 123.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. మరణాలు సుమారు సగానికి తగ్గాయి. వంద పరుగులకు గాయం ఒక్కటేనని బోర్డు అంటుంది, అది నిజమే. ఆ గాయాల్లో కండరం పట్టేయడం లాంటి చిన్నవీ ఉన్నాయి. కాని నేను లెక్కలు కూడా చెప్పే ఉపాధ్యాయుణ్ణి. కుక్క జీవితంలో ఒక్కసారి పరుగెత్తి ఊరుకోదు. వంద పరుగులకు ఒక గాయం అంటే, వందసార్లు పరుగెత్తిన కుక్కకు సగటున ఒక గాయం తప్పదన్న మాట. నూటికి ఒకటి అన్న చిన్న అంకె కుక్క వైపు నుంచి చూస్తే అంత చిన్నది కాదు.

ఇక ఓడిన కుక్కల సంగతి. గెలిచే కుక్క ఒక్కటి దొరకాలంటే చాలా కుక్కలను పుట్టించాలి. వేగం లేనిది, గాయపడినది, వయసు మళ్లినది యజమానికి తిండి దండగ. 2006లో ఇంగ్లండులోని సీహామ్ అనే ఊరి దగ్గర ఒక వ్యక్తి పదిహేనేళ్లుగా పనికిరాని గ్రేహౌండ్లను డబ్బు తీసుకుని చంపి తన స్థలంలో పాతిపెడుతున్నాడని ఒక పత్రిక బయటపెట్టింది. వాటి సంఖ్య పదివేలు ఉండవచ్చని ఆ పత్రిక రాసింది. ఐర్లండులో ఏటా సుమారు ఆరువేల కుక్కలను వేగం చాలదని చంపుతున్నారని 2019లో అక్కడి ఆర్‌టీఈ టెలివిజన్ తెలిపింది. బ్రిటన్‌లో పరుగెత్తే గ్రేహౌండ్లలో అత్యధిక భాగం ఆ ఐర్లండు నుంచి వచ్చేవే.

ఆస్ట్రేలియాలో జరిగింది ఇంకా ఘోరం. 2015 ఫిబ్రవరిలో అక్కడి ఏబీసీ టెలివిజన్ రహస్యంగా తీసిన చిత్రాలు చూపించింది. కుక్కలకు శిక్షణ పేరుతో బతికున్న కుందేళ్లను, పంది పిల్లలను యంత్రానికి కట్టి వాటి చేత చీల్పించారు. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం మాజీ న్యాయమూర్తి మైకేల్ మెక్‌హ్యూ చేత విచారణ జరిపించింది. 2016లో వచ్చిన ఆయన నివేదిక ప్రకారం, అంతకు ముందు పన్నెండేళ్లలో ఆ రాష్ట్రంలో పుట్టించిన 97,783 గ్రేహౌండ్లలో 48 వేల నుంచి 68 వేల దాకా కేవలం పందేనికి పనికిరావన్న కారణంతో చంపబడ్డాయి. అంటే పుట్టిన రెండింటిలో కనీసం ఒకటి. ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి 2016 జూలైలో పందేలను నిషేధిస్తున్నట్టు ప్రకటించారు. ఒత్తిళ్లు వచ్చేసరికి మూడు నెలలకే ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

ఒత్తిడి ఎక్కడిది? డబ్బుది. అసలు మూలం ఇక్కడే ఉంది. కుక్క పరుగెత్తడం తప్పు కాదు. పొలంలో వదిలితే అది తనంతట తానే పరుగెడుతుంది, అలిసిపోతే ఆగుతుంది. దాన్ని ఆగనివ్వనిది జూదం. బ్రిటన్‌లో పందెం దుకాణాల్లో పగటిపూట జనం పెట్టే పందేల కోసమే 1967 నుంచి మధ్యాహ్నపు పరుగులు ప్రత్యేకంగా నడపసాగారు. స్టేడియంలో చూసేవాడు ఉన్నా లేకున్నా, తెర మీద పందెం కాసేవాడు ఉంటే చాలు. పందెం ఎక్కువైతే పరుగులు ఎక్కువ, పరుగులు ఎక్కువైతే కుక్కలు ఎక్కువ, కుక్కలు ఎక్కువైతే పనికిరానివీ ఎక్కువ. జూదాన్ని మనకు ఎందుకు హరామ్ చేశారో పిల్లలకు చెప్పేటప్పుడు పేకాటలో ఇల్లు గుల్ల చేసుకున్నవాడి ఉదాహరణ చెబుతాం. జూదగాడి నష్టం అతని ఇంటితో ఆగదనీ, ఆ ఆటతో ఏ సంబంధమూ లేని మూగజీవి కాలు కూడా అందులో విరుగుతుందనీ ఇకపై చెప్పాలి.

సంతోషించవలసిన సంగతి ఏమిటంటే, ఈ పందేలు పుట్టిన దేశాలే వీటి నుంచి బయటపడుతున్నాయి. అమెరికాలో ఫ్లోరిడా ప్రజలు 2018లో ఓటు వేసి, నూటికి 69 మంది వద్దన్నారు. 2020 చివరికి అక్కడ పందేలు ఆగిపోయాయి. మకావులోని పాత కుక్కల స్టేడియం 2018లో మూతబడింది. అక్కడ మిగిలిపోయిన ఐదువందలకు పైగా కుక్కలకు ఇళ్లు వెతకవలసి వచ్చింది. 2026 ఆగస్టు నాటికి పందేలు ఆపాలని న్యూజిలాండ్ ప్రభుత్వం 2024 డిసెంబరులో నిర్ణయం ప్రకటించింది. వేల్స్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో, ఆస్ట్రేలియాలోని తస్మానియా ముఖ్యమంత్రి అదే ఏడాది ఆగస్టులో నిషేధం మాట చెప్పారు. ఇవేవీ ముస్లిం దేశాలు కావు. మూగజీవి పట్ల దయను తమ చట్టంలోకి తెచ్చుకుంటున్న ప్రజలను చూసి మనం సంతోషించాలి, కొంచెం సిగ్గుపడాలి కూడా. ఎందుకంటే మన పొరుగు పాకిస్తాన్‌లోని పంజాబు గ్రామాల్లో గ్రేహౌండ్ పందేలు ఇప్పటికీ జాతరల్లా జరుగుతాయి.

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. కుక్క నజిస్ కదా?

కుక్క లాలాజలం తగిలిన పాత్రను కడగమన్న ఆదేశం ఉంది. అది పరిశుభ్రతకు, నమాజుకు సంబంధించిన నియమం. ఆ నియమం పాత్రను కడగమంటుందే గాని కుక్కను కొట్టమనదు. ఈ రెండింటినీ కలిపేసి మనం పెద్ద పొరపాటు చేశాం. గుహవాసుల గాథ ప్రతి శుక్రవారం మనలో ఎందరో పారాయణం చేస్తారు. ఆ పుణ్యాత్ములతో పాటు గుమ్మం దగ్గర కాళ్లు చాపుకుని కూర్చున్న కుక్క ప్రస్తావన కూడా అందులో ఉంది కదా! దప్పికతో మట్టి నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి తన తోలుమేజోడులో నీళ్లు తెచ్చి తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) తెలిపారు. జంతువుల విషయంలోనూ మాకు పుణ్యం ఉందా అని సహచరులు ఆశ్చర్యపోతే, ప్రాణమున్న ప్రతిదాని విషయంలోనూ ఉందన్నారు. పని ఎక్కువ చేయించి తిండి తక్కువ పెట్టిన ఒంటె యజమానిని ఆయన మందలించారు. జంతువులను ఒకదాని మీదకు ఒకటి ఉసిగొల్పడాన్ని వారించారు. గుర్రాల పరుగును మాత్రం ఆయన స్వయంగా నిర్వహింపజేశారు. కనుక పరుగుకు అడ్డులేదు. జూదం కోసం ప్రాణిని పుట్టించి, వాడుకుని, పారవేయడానికి మాత్రం ఏ ధర్మంలో చోటుంది?

దూరదేశాల తప్పు ఎత్తిచూపడం తేలిక. మన ఇంటి ముంగిట ఏమున్నదో కూడా చూసుకోవాలి. సంక్రాంతి నాడు గోదావరి జిల్లాల్లో కోళ్ల కాళ్లకు కత్తులు కట్టి పందేలు వేస్తారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వద్దంటున్నా, కోర్టులు చెప్పినా ఆగడం లేదు. ఆ బరుల దగ్గర పందెం కాసేవారిలో మనవాళ్లు లేరని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? అంతెందుకు, బక్రీదు ముందు సంతల నుంచి వచ్చే లారీలు చూడండి. మేకలు, పొట్టేళ్లు ఒకదాని మీద ఒకటి, నీళ్లు లేకుండా, కాళ్లు నలిగిపోతూ వస్తాయి. ఖుర్బానీ జంతువు ముందు కత్తి నూరవద్దని, దాన్ని బాధపెట్టవద్దని తెలిసిన మనం, లారీలో దాని కాలు విరిగితే ధర తగ్గించి బేరమాడతాం. ఆ పిల్లవాడి మాటకూ మన బేరానికీ తేడా ఎంత?

పాఠక సోదర సోదరీమణులారా! మీ పిల్లలు ఇంగ్లండులోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే ఈ మాట వారికి చేరవేయండి. సరదాకైనా ఆ పందేల టిక్కెట్టు కొనవద్దనండి. పందెం మానిన గ్రేహౌండ్లను చేరదీసి పోషించే సంస్థలు అక్కడ ఉన్నాయి. ఆ దేశాల్లో కుక్కను ఇంట పెంచుకోవడంలో మనకు ఇబ్బంది ఉన్నా, దాని తిండికో మందుకో నాలుగు డబ్బులు ఇవ్వడానికి ఇబ్బంది లేదు. ఇక్కడ ఉన్నవారు తమ వీధి చివర ఒక మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. ఎండాకాలంలో ఆ నీళ్లు ఏ కుక్క తాగుతుందో, ఏ కాకి తాగుతుందో లెక్క చూడనక్కరలేదు.

ఆ పిల్లవాడికి నేను అప్పుడు ఒక్క మాటే చెప్పాను. "బేటా, కుక్క నీ బట్టకు తగిలితే కడుక్కోవచ్చు. దయ లేకపోతే గుండెను దేనితో కడుగుతావు?" వాడు ఏమీ అనలేదు. మరునాడు మక్తబ్‌కు వచ్చేటప్పుడు మామూకు ఫోను చేశానన్నాడు. ఆ కుక్క కాలు ఏమైందో కనుక్కోమని అడిగాడట. మామూకు తెలియలేదు, తెలుసుకునే వీలూ లేదు. కాని అడగాలనిపించింది కదా! అల్లాహ్ మనందరి గుండెల్లో అలా అడిగే మనసు పెట్టుగాక. ఆమీన్.