పెట్టెలు దించుకుంటే సరిపోదు

సంపాదకులకు,

పాత కాగితాలు ఇస్తామన్నవారిని గ్రంథాలయాలు నెలల తరబడి తిప్పుతున్నాయని గతవారం మీ సంచికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన బాధ న్యాయమైనదే. కానీ వచ్చిన పెట్టెనల్లా ఆ రోజే అల్మారాలో సర్దెయ్యాలంటే ఒప్పుకోలేను.

1904లో హనుమకొండలో పుట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి చోట చెదపట్టిన కట్ట ఒక్కటి చేరినా ఉన్న పుస్తకాలన్నిటికీ ముప్పే. ముందు వేరే గదిలో ఉంచి విప్పి చూడాలి. తుప్పు పట్టిన గుండుసూదులు కాగితం చిరగకుండా తీయాలి. కవర్లు మాత్రం పారేయొద్దు, తేదీ వేయని ఉత్తరానికి వాటి మీది తపాలా ముద్రే ఆధారం. ఇంటివారు కట్టిన వరుసనూ చెదరగొట్టొద్దు. ఏ ఉత్తరం ఏ రసీదు పక్కన ఉందన్నదీ చరిత్రే.

మన ఓరుగల్లు ఇళ్లలో దొరికే నిజాం కాలపు దస్తావేజులు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి, వాటి తేదీలు ఫసలీ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. 1340 ఫసలీ అంటే 1930-31 అని తెలిసినవారు లేకపోతే జాబితా తప్పులతడకే. ఎవరిచ్చారు, హక్కులెవరివి అన్నది రాసుకోకపోతే రేపు వారసుల తగాదా గ్రంథాలయం గడప తొక్కుతుంది.

అయినా దాతను తిప్పనక్కర్లేదు. అందిన రోజే రిజిస్టరులో నంబరు వేసి రసీదు ఇవ్వవచ్చు. వివరమైన జాబితా తర్వాత. దానికి మనుషులు కావాలి. ఉర్దూ చదవగల పెద్దలు, కాకతీయ విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులు వారానికో పూట ముందుకు రావాలని నా విన్నపం.

– ఒక పాఠకుడు, హనుమకొండ