గసాలు పీకితే సరిపోదు, సలమ్ ఇవ్వాలి

అమెరికా ఇరవై ఏళ్ళలో చేయలేనిది తాలిబాన్ ఒక్క ఫర్మాన్‌తో చేసి చూపించింది, అఫ్ఘానిస్తాన్‌లో అఫీమ్ ఖతం! మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. మాట అబద్ధం కాదు. కానీ సగమే.

2022 ఏప్రిల్‌లో నిషేధం వచ్చింది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం ఆ ఏడాది 2,33,000 హెక్టార్లలో ఉన్న నల్లమందు పంట 2023కి 10,800 హెక్టార్లకు పడిపోయింది. 95 శాతం తగ్గింది. మాషా అల్లాహ్ అనాల్సిందే. అయితే అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. నల్లమందు అమ్మి రైతులకు 2022 పంట మీద వచ్చింది 136 కోట్ల డాలర్లు, 2023 పంట మీద 11 కోట్లు. హెక్టారు గోధుమకు 770 డాలర్లు వస్తే, నల్లమందుకు దాదాపు 10,000. ఈ తేడా ఎవరి కడుపు మీద పడింది? పాత సరుకు దాచుకున్న జమీందార్లకు ధర కొన్ని రెట్లు పెరిగి లాభమే వచ్చింది. మునిగింది సొంత జమీన్ లేని కౌలుదారులు. 2024 మే నెలలో బదఖ్షాన్‌లో పంట పీకడానికి వచ్చినవాళ్ళకు జనం ఎదురు తిరిగారు, ప్రాణాలు పోయాయి.

మన ఖుర్మాలో వేసే గసాలు ఈ మొక్క గింజలే. కాయకు గాటు పెడితే కారే పాలు అఫీమ్. హరామ్ అని తెలిసి కూడా అక్కడి నమాజీ రైతు దాన్ని ఎందుకు వేశాడు? లాలచ్ అనేస్తే సులువు. అసలు సంగతి కర్జ్.

అక్కడ విత్తే కాలంలో వ్యాపారి ఇంటికొచ్చి రాబోయే నల్లమందుకు ముందే పైసలిస్తాడు, చాలాసార్లు కోత నాటి ధరలో సగానికే. ఆ పైసలతోనే చలికాలం ఆటా, దవా, షాదీ ఖర్చులు. దీన్ని వాళ్ళు 'సలామ్' అంటారు. మన ఫిఖ్‌హ్‌లోని బై సలమ్ నుంచి తీసుకున్న పేరు. పంట పోయినా, ఎవరైనా పీకేసినా కర్జ్ పోదు. అది తీర్చలేక కూతుళ్ళ నికాహ్ షావుకారుతో చేసిన తండ్రుల కథలు పత్రికల్లో వచ్చాయి. గసాలు వేస్తానంటేనే కౌలుకు జమీన్ దొరికేది. కోతకు చాలామంది కావాలి కాబట్టి కూలి దొరికేది. సరుకు కొనేవాడు గుమ్మంలోకే వచ్చేవాడు. అంటే ఆ ఒక్క మొక్కే గరీబుకు బ్యాంకు, పట్టా, కూలి, మండీ.

'పైసలిచ్చి మాన్పిద్దాం' అన్నవాళ్ళు ఇది చూడలేదు. 2002లో బ్రిటన్ పూనికతో, పంట నాశనం చేస్తే నష్టపరిహారం అన్నారు. కొందరికి పైసలు అందలేదు, మధ్యలో ఉన్నవాళ్ళు తిన్నారు. కొందరేమో పరిహారం కోసమే ఇంకా వేశారు. తర్వాత హెల్మంద్‌లో 2008 నుంచి గోధుమ విత్తనాలు, ఎరువులు పంచారు. గోధుమకు అంతమంది చేతులు అక్కర్లేదు. పని పోయిన కౌలుదారులు బోగ్రా కాలువకు ఉత్తరాన ఎడారిలోకి వెళ్ళి, బోర్లు వేసి, అక్కడ గసాలే వేశారు. పంట మాయం కాలేదు, చోటు మారింది. 2002 నుంచి 2017 దాకా మాదకద్రవ్యాల మీద అమెరికా పెట్టిన ఖర్చు 862 కోట్ల డాలర్లని వాళ్ళ ఆడిట్ సంస్థే చెప్పింది.

మరి ఎక్కడా కాలేదా? అయింది. థాయిలాండ్ కొండల్లో 1969లో మొదలైన రాజు గారి ప్రాజెక్టు పదేళ్ళకు పైగా పంట పీకడం జోలికి పోలేదు. ముందు కాఫీ, పండ్లు, కూరగాయలు, రోడ్డు, కొనుగోలు. ఆ తర్వాతే సఖ్తీ. తుర్కీ దారి వేరు. అమెరికా ఒత్తిడితో 1971లో నిషేధించి, 1974లో ఎత్తేసింది. కాయకు గాటు పెట్టకుండా, లైసెన్సు ఉన్న రైతు ఎండిన కాయలను సర్కారుకే అమ్మాలంది. దాంతో నొప్పి మందులు తయారవుతాయి. రెండు చోట్లా రైతుకు దొరికింది ఒకసారి చేతిలో పెట్టే పైసలు కాదు, ఏటేటా కొనే చెయ్యి.

'హరామ్ పంట వేసినవాడికి పైసలిచ్చి బతిమాలాలా?' అని మనలో కొందరు అడుగుతారు. శరాబ్ మీద హుకుం ఎలా దిగిందో గుర్తు చేసుకోండి. ఒక్కరోజులో రాలేదు, అంచెలంచెలుగా వచ్చింది. మనిషి అలవాటుకే అంత మొహలత్ దొరికినప్పుడు, పిల్లల రోటీకి దొరకకూడదా?

నా రాయ్ ఇది. మొక్క పీకినందుకు ఇనామ్ ఇవ్వకండి, పంట వేసినందుకు సలమ్ ఇవ్వండి. హజ్రత్ ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం మదీనా వచ్చేసరికి జనం ఖర్జూరాలకు ఏడాది, రెండేళ్ళ ముందే పైసలిచ్చేవారు. ఆయన దాన్ని ఆపలేదు. కొలత, తూకం, గడువు ముందే తేల్చుకోమన్నారు. ఆ కాయిదాతోనే హెరాత్ జాఫ్రాన్‌కు, కందహార్ అనార్‌కు విత్తే నాడే మొత్తం ధర ఇవ్వాలి. అనార్ చెట్టు కాపుకొచ్చే ఏళ్ళలో ఇల్లు గడవడానికి వడ్డీ లేని కర్జ్, అదీ కౌలుదారు చేతికే. అఫీమ్ షావుకారు మన ఫిఖ్‌హ్ పేరు వాడుకుని గరీబును ముంచాడు. ఆ పేరును హలాల్ పంటకు తిరిగి తెచ్చే పని కోట్లున్న ముస్లిం దేశాలది. ఫర్మాన్‌కు తాళి కొట్టడం వాళ్ళకూ మనకూ సులువే, ఖర్చు లేదు కదా.

ఇది కాబూల్ ముచ్చటే అనుకోకండి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల గంజాయి నరికారు. అదే కొండల్లో కాఫీ కూడా పండుతుంది. కానీ కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు. ఆ ఏళ్ళలో ఆదివాసీ గుమ్మంలోకి అడ్వాన్సు పట్టుకుని ముందు ఎవరొస్తారు? సర్కారా, గంజాయి సేటా? ఫైసలా అక్కడే అవుతుంది.