ఎండల సీమలో నెమ్మెక్కిన గోడలు

ఏడాదికి 600 నుంచి 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడి, వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప ప్రాంతాల్లో ఇళ్ల గోడలు నెమ్మెక్కుతాయంటే బయటివారు నమ్మకపోవచ్చు గానీ, కర్నూలు పాతబస్తీలోనూ, కర్నూలు–కడప (కె.సి.) కాలువ వెంబడి ఊళ్లలోనూ, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లోనూ పాత ఇళ్లలో కాపురముండేవారికి పెచ్చులూడే గిలాబు, గోడ మీద తెల్లగా తేలే ఉప్పు, మూలల్లో ముక్కిన వాసన కొత్తవి కావు. ఈ నెమ్ముకు నీరెక్కువ కావడం కంటే, గోడలోకి చేరిన కొద్దిపాటి నీరు తిరిగి బయటికి పోయే దారులు మూసుకుపోవడమే పెద్ద కారణం; ఆ దారులను మూసినవి చాలావరకు ఇంటిని బాగు చేద్దామని చేసిన పనులే కావడం విచారకరం.

రాయలసీమలోని పాత మట్టిమిద్దె కట్టడాన్ని గమనిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. రెండడుగుల మందాన రాతిని మట్టితో పేర్చి, లోపలా బయటా సున్నపు పూత పూసి, దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, పైన మట్టి కప్పి, అన్నిటికీ మీద చవుడు మట్టి చల్లేవారు. చవుడు అంటే సోడియం లవణాలు మిక్కుటంగా ఉండి పైరుకు పనికిరాని నేల మట్టి. తడి తగలగానే అందులోని సన్నని బంక రేణువులు ఒకదానినొకటి విడిచి ఉబ్బి, సందులన్నిటినీ పూడ్చివేస్తాయి కాబట్టి తొలి వాన జల్లుకే మిద్దె తనంతట తానే మూసుకుంటుంది. పొలానికి పనికిరాని మట్టిని ఇంటికి గొడుగుగా మార్చుకున్న ఆ తెలివికి ఏ ప్రయోగశాలా సాయపడలేదు. అయితే ఏటా పాత పొరను గీకకుండా కొత్త చవుడు వేస్తూ పోతే బరువు పెరుగుతుంది. అడుగు మందం మట్టి చదరపు మీటరుకు దాదాపు అర టన్ను తూగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. ముసురు రోజుల్లో కూలే మిద్దెల వెనుక ఈ బరువు, చెదలు తిన్న దంతెలు రెండూ కలిసి ఉండే సందర్భాలు తక్కువ కావు.

పైకప్పును కాపాడే ఆ ఉప్పే గోడ అడుగున శత్రువవుతుంది. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, గోడలోని సన్నని రంధ్రాలు నేలలోని నీటిని పైకి పీలుస్తాయి. దీనినే కేశాకర్షణ అంటారు. సాధారణంగా మీటరు ఎత్తుదాకా ఎక్కే ఆ నీరు తనతోపాటు లవణాలను తెస్తుంది, నీరు ఆరిపోయిన చోట లవణాలు స్ఫటికాలుగా గట్టిపడి, పెరుగుతూ పూతను లోపలినుంచి నెట్టి పెచ్చులుగా రాలుస్తాయి. పూర్వం ఇంటి ముందు రాతి అరుగు వానచినుకులు గోడకు చిందకుండా ఆపేది, వీధి మట్టం ఇంటి నేలకంటే తక్కువగా ఉండేది. ఇప్పుడు పాత రోడ్డును తవ్వకుండానే దాని మీద సిమెంటు రోడ్డు, ఆ సిమెంటు రోడ్డు మీద మరొకటి పరుస్తూ పోవడంతో, కాలువ కోసమో వెడల్పు కోసమో అరుగులు కొట్టివేయడంతో, మెట్లెక్కి వెళ్లిన ఇళ్లలోకి మెట్లు దిగి వెళ్లవలసిన స్థితి అనేక వీధుల్లో వచ్చింది. వీధి ఎత్తు పెరిగిన మేరకు గోడ నేలలో పాతుకుపోయినట్లే లెక్క. ఇంటి యజమాని ఎంత ఖర్చు పెట్టినా ఈ ఒక్క తప్పును ఒంటరిగా సరిదిద్దుకోలేడు. పాత రోడ్డును తవ్వి తీసిన తరువాతే కొత్తది వేయడం పురపాలక సంఘాలు, పంచాయతీలు పాటించవలసిన కనీస ధర్మం.

ఇక గోడకు పూసే పూత సంగతి. 1872లో విలియం కింగ్ భారత భూవిజ్ఞాన సర్వే కోసం కడప, కర్నూలు శిలాసముదాయాలను వర్ణించిన నాటినుంచీ ఈ నేల సున్నపురాతికి శాస్త్రలోకంలో పేరుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల బండలూ, కడప నల్లరాయీ, ఎర్రగుంట్ల సిమెంటూ ఆ సంపద నుంచి వచ్చినవే. అదే సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వద్ద కాల్చి, నీటితో విరిచి, ఇసుకతో కలిపి గానుగలో నూరితే డంగు సున్నమవుతుంది. దానికి కరక్కాయ నీరు, బెల్లం కలిపేవారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది, గోడ కాస్త కదిలినా తానూ కదులుతుంది, గోడలోని తేమను ఆవిరిగా బయటికి వదులుతుంది. సిమెంటు పూత గట్టిది, బిరుసైనది. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే రేగడి నేల మీద, మట్టితో కట్టిన గోడ ఏటా అంతో ఇంతో కదులుతూనే ఉంటుంది కాబట్టి దానిపై సిమెంటు పూత చీలుతుంది. ఆ చీలికలోంచి వాననీరు సులభంగా లోపలికి వెళ్తుంది గానీ, అంత సులభంగా బయటికి రాలేదు. దానిపై ప్లాస్టిక్ రంగు వేసి, నడుమెత్తు వరకు టైల్సు అంటిస్తే, కింది మీటరులోనే ఆరిపోవలసిన నెమ్ము దారి దొరక్క రెండు మీటర్లకు ఎగబాకుతుంది. సిమెంటు చెడ్డదని దీని అర్థం కాదు. సిమెంటుతో కట్టిన ఇంటికి సిమెంటు పూత సరిపోతుంది, మట్టితో కట్టిన ఇంటికి సరిపోదు. ఇంత చిన్న భేదాన్ని మన ఇంజనీరింగ్ చదువులు గట్టిగా బోధించకపోవడం వల్ల ఎన్నో మంచి ఇళ్లు పాడైపోతున్నాయి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తినట్టి వరదల తరువాత ఈ పొరపాటు మరింత తీవ్రంగా బాధిస్తుంది. రెండడుగుల గోడ నడుమ నింపిన మట్టి పూర్తిగా తడిస్తే ఆరడానికి నెలలు పడుతుంది; పైపొర ఆరినట్లు కనబడగానే సిమెంటు పూసి రంగు వేస్తే, లోపలి తడి ఏళ్ల తరబడి అక్కడే నిలిచిపోతుంది.

నేల నుంచి ఎక్కే నెమ్ముకూ, గాలి నుంచి దిగే చెమ్మకూ తేడా ఉంది. 30 డిగ్రీల వేడిగాలి ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు మాత్రమే మోయగలదు. కనుక ఆవిరి నిండిన గాలి చల్లని తలాన్ని తాకితే మిగులు ఆవిరి నీటిబొట్లుగా మారుతుంది. రేకుల ఇళ్లలో చలికాలపు తెల్లవారుజామున పైనుంచి బొట్లు రాలడానికి కారణమిదే: రాత్రి నిర్మలాకాశం కింద రేకు గాలికంటే చల్లబడి, వంట ఆవిరినీ ఊపిరి తేమనూ పట్టుకుంటుంది. మట్టిమిద్దెల్లో గవాక్షి, అంటే పైకప్పులో వెలుతురుకూ పొగకూ వదిలిన కంత, ఈ ఆవిరిని బయటికి పంపేది. వాన పడుతుందనో దొంగల భయంతోనో దానిని మూసివేసి, కిటికీలు బిగించి, లోపల కూలరు నడిపితే గది చల్లబడకపోగా బీరువా వెనుక గోడకు బూజు పడుతుంది. కూలరు నీటిని ఆవిరి చేసి చల్లబరిచే యంత్రం కనుక, తడిగాలి బయటికి పోవడానికి ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచడం తప్పనిసరి.

వేడిని ఆపే ప్రయత్నాల్లోనూ తడిని మరువరాదు. నిశ్చలమైన గాలికంటే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా ప్రసరింపజేస్తుంది కాబట్టి తడిసిన మిద్దె, ఉరిసే పైకప్పు ఎండను ఆపలేవు. లోపల థర్మోకోలు పలకలో, పి.ఓ.పి. సీలింగో బిగిస్తే ఉరుపు కంటికి కనబడకుండా దంతెలు కుళ్లిపోతాయి. పైకప్పుకు రక్షణ పైనుంచే జరగాలి: వాటం సరిచేయడం, నీటి దోనెలు బాగు చేయడం, ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేయడం, వేసవికి ముందు తెల్లగా సున్నం కొట్టడం. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. సీమ పట్టణాలకు అటువంటి విధానం మరింత అవసరం.

ఏ మందు వేయాలో నిర్ణయించే ముందు ఏ రోగమో తెలుసుకోవాలి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగంచులా గాలి చొరకుండా అంటించి రెండు రోజులుంచితే, కాగితం వెనుక బొట్లు పట్టినప్పుడు తడి గోడలోనిదనీ, ముందువైపు పట్టినప్పుడు గది గాలిలోనిదనీ తెలుస్తుంది. గోడలోనిదైతే ముందుగా కారే గొట్టాలూ, గోడ పక్కన నిలిచే నీరూ చూడాలి, ఆ తరువాత ఉప్పు గీత కంటే అడుగున్నర పైదాకా సిమెంటు పూతను కొట్టివేయాలి. రాలిన ఉప్పును నీటితో కడిగితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది కనుక పొడి కుంచెతో దులపడం మేలు. సున్నపు పని తెలిసిన బేల్దార్లు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వారి దగ్గర కుర్రవాళ్లు పని నేర్చుకునే ఏర్పాటు ప్రభుత్వ శిక్షణ కేంద్రాల్లో జరగకపోతే వచ్చే తరానికి ఈ ఇళ్లను ముట్టగలవారే ఉండరు.

పనికి అదను కూడా ముఖ్యం. మార్చిలో పాత పూతను కొట్టివేసి గోడను బోడిగా వదిలితే ఏప్రిల్, మే ఎండలు ఏ యంత్రమూ ఆరబెట్టలేనంతగా దానిని ఆరబెడతాయి. కానీ ఆ ఎండలోనే సున్నం పూస్తే నీరు త్వరగా ఎగిరిపోయి పూత పిండిలా రాలుతుంది. అందుచేత తొలకరి పడి గాలి మెత్తబడ్డాక పలుచగా ఒక పూత పూసి, తడిపిన గోనెసంచులు వేలాడదీసి, అది గట్టిపడ్డాకే మరో పూతకు పోయి, కడప వైపు అక్టోబరు ముసురు పట్టకముందే వెల్ల వేయడం పూర్తిచేయాలి.