ముత్తాత పేరు ఏ రికార్డులో ఉంది? సత్తెనపల్లి నుంచి చెన్నై దాకా.. వెతికే ముందు ఇది తెలుసుకోండి!

ముత్తాత పేరేంటి? సత్తెనపల్లి చుట్టుపక్కల పత్తి, మిర్చి వేసే రైతు ఇంట్లో ఇది సరదాకి అడిగే ప్రశ్న కాదు. తాత పేరు మీదున్న పొలం మనవళ్ల పేరు మీదకు మారాలంటే ఎవరికి ఎవరు వారసులో కాగితం మీద చూపించాలి. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. సర్వే వాళ్లు పొలం కొలుస్తారు. ఆ పొలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో మాత్రం పాత రికార్డే చెప్పాలి.

చాలామంది రికార్డే లేదనుకుని ఊరుకుంటారు. అసలు చిక్కు చాలాసార్లు వేరే ఉంటుంది. అది ఏ ఊళ్లో, ఏ పేరుతో, ఏ ఆఫీసులో ఉందో తెలియదు.

ఊరు కదల్లేదు.. జిల్లాలే మారాయి

సత్తెనపల్లినే తీసుకోండి. 1859 తర్వాత ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 1953 దాకా మద్రాసు రాష్ట్రం, తర్వాత ఆంధ్ర రాష్ట్రం, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా.

అంటే 1890ల నాటి కాగితం మీద ఉండేది 'కృష్ణా జిల్లా, సత్తెనపల్లి తాలూకా'. ఇప్పటి అడ్రస్ పట్టుకుని 'పల్నాడు' అని వెతికితే తప్పుదారే. ఎందుకంటే అప్పట్లో పల్నాడు అంటే గురజాల వైపున్న వేరే తాలూకా. అందుకే మన ఇంటి వంశవృక్షం కంటే ముందు ఊరి వంశవృక్షం తెలియాలి.

బ్రిటిష్ కాలపు రెవెన్యూ ఫైళ్ల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్, హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ చూడాలి. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే కల్నల్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫియత్తులున్నాయి. గుంటూరు ప్రాంత ఊళ్లవి తెలుగులో అచ్చయ్యాయి కూడా. అయితే వాటిలో ఊరి కథ, గుడి మాన్యాలు, కరణాల మిరాశీల వివరాలు దొరుకుతాయి తప్ప ప్రతి ఇంటి పేరూ ఉండదు.

పేరు కాదు.. సర్వే నంబరు పట్టుకోవాలి

మన ఇళ్లల్లో తాత పేరు మనవడికి పెట్టడం అలవాటు. దాంతో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో రెండు మూడు తరాల్లో మనుషులు కనిపిస్తారు. పేరు మోసం చేయొచ్చు, సర్వే నంబరు అంత తేలిగ్గా చేయదు. మీభూమిలో ఇప్పటి అడంగల్, 1బీ చూసుకుని ఆ నంబరుతో వెనక్కి నడవాలి. తహసీల్దార్ ఆఫీసులో అడగాల్సింది ఆర్‌ఎస్‌ఆర్. జనం డైగ్లాట్ అని పిలిచే బ్రిటిష్ కాలపు రిజిస్టర్ ఇదే. అప్పటి పట్టాదారు పేరు అందులో ఉంటుంది.

తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఆన్‌లైన్‌లో ఈసీ సాధారణంగా 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే దరఖాస్తు పెట్టి పాత పుస్తకాలు తీయించాలి. శ్రమే అయినా ఫలితం ఉంటుంది. పాత దస్తావేజులో తండ్రి పేరు, ఊరు, వృత్తి, నాలుగు వైపులా హద్దుదారుల పేర్లు ఉంటాయి. పట్టాల్లో కనిపించని ఆడవాళ్లు ఇక్కడ బయటపడతారు. పసుపు కుంకుమల కింద కూతురికి ఎకరమో రెండెకరాలో రాసిచ్చిన కాగితం రిజిస్టర్ అయి ఉంటే చాలు, నానమ్మల పుట్టింటి పేరు తెలిసిపోతుంది.

మరో విషయం. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసింది. అప్పటిదాకా ఊరి లెక్కలు వాళ్ల చేతుల్లోనే ఉండేవి. ఆ లెక్కలన్నీ నిజమేనా అంటే అదీ చెప్పలేం. 1788–1848 మధ్య గుంటూరు జిల్లాపై పరిశోధించిన చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్, స్థానిక ఉద్యోగులు కంపెనీ సర్కారును ఎలా తమ చెప్పుచేతల్లో పెట్టుకున్నారో చూపించారు. కాబట్టి ఒక్క రికార్డునే నమ్ముకోకూడదు. రెండోది చూసి సరిపోల్చుకోవాలి.

భూమి లేనివాళ్ల సంగతేంటి?

అసలు ప్రశ్న ఇదే. భూమి రికార్డు భూమి ఉన్నవాళ్లనే గుర్తుపెట్టుకుంటుంది. మరి కూలీలు, చేతివృత్తుల వాళ్లు?

ఒక దారి ఇనాం రికార్డులు. 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ తయారు చేసిన ఫెయిర్ రిజిస్టర్లలో అనుభవదారు పేరు, వయసు, మొదట మాన్యం పొందిన వాళ్లతో చుట్టరికం రాసేవారు. ఊరి సేవకు మాన్యం పొందిన మంగలి, చాకలి, వెట్టి కుటుంబాలకు ఇది పెద్ద ఆధారం. ఇంకో దారి చర్చి రిజిస్టర్లు. 1842లో హేయర్ గుంటూరుకు వచ్చాక లూథరన్ మిషన్, ఒంగోలు వైపు బాప్టిస్టు మిషన్ దళితవాడల్లో విస్తరించాయి. పట్టాలో లేని పేరు బాప్తిస్మం పుస్తకంలో దొరకొచ్చు.

ఇంకో విచిత్రం చూడండి. మద్రాసు రేవు నుంచి ఒప్పంద కూలీలుగా నాటాల్‌కు, ఫిజీకి ఓడెక్కిన వాళ్ల కాగితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు అన్నీ ఉన్నాయి. ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల అన్నదమ్ములకు అంత వివరమైన రికార్డు దొరకడం కష్టం.

జనాభా లెక్కలు సాయపడతాయా?

2027 జనాభా లెక్కల్లో కులం కూడా అడగబోతున్నారు. 1931 తర్వాత అన్ని కులాల వివరాలూ సెన్సస్‌లో తీసుకుని ప్రకటించబోయేది ఇప్పుడే. కానీ రేపు మన మనవలు మన ఇంటి వివరాలు అందులో చూసుకోగలరా? 1948 చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు గోప్యం. అమెరికాలో 72 ఏళ్లకు, ఇంగ్లండ్‌లో 100 ఏళ్లకు పాత సెన్సస్ పత్రాలు జనానికి తెరుస్తారు. మన దగ్గర అలాంటి గడువే లేదు.

ప్రభుత్వం చేయగలిగిన పని ఒకటుంది. పాత రిజిస్టర్లను స్కాన్ చేసి వదిలేయకుండా, పాత తాలూకా పేరుతోనూ ఇప్పటి మండలం పేరుతోనూ వెతికేలా ఊరివారీ సూచిక పెట్టాలి. అది లేకపోతే డబ్బు, తీరిక ఉన్నవాళ్లే చెన్నై దాకా వెళ్లి చరిత్ర తెచ్చుకుంటారు. కూలి మానుకోలేని వాళ్లకు హక్కు ఉన్నా కాగితం దొరకదు.

ఈలోగా ఇంట్లో పెద్దవాళ్లుంటే ఓ పుస్తకం తీసుకుని నాలుగు సంగతులు రాయించుకోండి. పొలం సర్వే నంబరు, పాత తాలూకా, నానమ్మ పుట్టిల్లు, తాత పోయిన ఏడాది. ఏ ఆర్కైవ్స్‌కు వెళ్లినా వెతకడానికి ఇవే పనికొస్తాయి.