పేక ముక్కకి పట్టాలెందుకు?

రమ్మీ ఆడేటప్పుడు డబ్బున్నవాడు ఇంటి దగ్గర్నుంచి నాలుగు జోకర్లు ఎక్కువ తెచ్చుకుంటానంటే ఒప్పుకుంటామా? పేక మొహాన కొట్టి లేచిపోతాం. కానీ మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆటలో ఇంచుమించు ఇదే పని ముప్ఫై ఏళ్ళ నుంచీ దర్జాగా జరిగిపోతోంది. దానికో అధికారిక జాబితా కూడా ఉంది. పేరు రిజర్వ్‌డ్ లిస్ట్. ఈ లిస్టుని ఎత్తిపారెయ్యాలన్నది నా వాదన. తిట్టదల్చుకున్నవాళ్ళు పూర్తిగా చదివి తిట్టండి.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితం చదువుకున్నాయన తయారుచేస్తే, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే అమెరికా కంపెనీ 1993లో విడుదల చేసింది. ఆడేవాళ్ళిద్దరూ మాంత్రికులన్నమాట. ఎవరి డెక్కు వాళ్ళే కట్టుకుని తెచ్చుకోవాలి, మామూలుగా కనీసం 60 కార్డులు. ప్యాకెట్లు కొనుక్కుని, మార్చుకుని, వేల కార్డుల్లోంచి ఏరుకుని డెక్కు కట్టుకోవడంలోనే సగం మజా ఉంది. దాంతో నాకే పేచీ లేదు. పేచీ అంతా "కొన్ని కార్డులు ఇంకెప్పటికీ అచ్చు వెయ్యం" అని కంపెనీ రాసిచ్చిన మాటతోనే.

ఆ మాట ఎందుకివ్వాల్సొచ్చింది? 1995లో క్రానికల్స్ అనే సెట్లో దొరక్కుండా పోయిన పాత కార్డుల్ని మళ్ళీ అచ్చేశారు. ఆడేవాళ్ళకి పండగ, దాచుకున్నవాళ్ళకి గుండెపోటు. ధరలు పడ్డాయి, గోల మొదలైంది. 1996లో కంపెనీ బెదిరిపోయి ఈ లిస్టు ప్రకటించింది. ఇందులో 570కి పైగా కార్డులున్నాయి. 1999లో వచ్చిన మెర్కేడియన్ మాస్క్స్ సెట్ నుంచీ కొత్తవి చేర్చడం మానేశారు. అంటే ఈ పద్ధతి మంచిది కాదని వాళ్ళకే అర్థమైంది, కాకపోతే పాత తప్పుని మాత్రం అలాగే భద్రంగా దాచిపెట్టారు.

లిస్టులో ఏమున్నాయో చూడండి. బ్లాక్ లోటస్ ఉంది. మొదటి అచ్చులో, అంటే ఆల్ఫాలో, ఒక్కో రేర్ కార్డు సుమారు 1,100 మాత్రమే వేశారు. అలాంటి బ్లాక్ లోటస్ ఒకటి 2021లో 5,11,100 డాలర్లకి అమ్ముడుపోయింది. సరే, అది మ్యూజియం సరుకు, వదిలేద్దాం. కానీ అండర్‌గ్రౌండ్ సీ, వాల్కానిక్ ఐలాండ్ లాంటి పది డ్యుయల్ ల్యాండ్స్ కూడా లిస్టులోనే ఉన్నాయి. ఇవి ఏ నష్టమూ లేకుండా రెండు రంగుల్లో దేనికైనా మానా ఇచ్చే కార్డులు. గ్లామర్ ఏమీ లేదు, ఇంటికి సిమెంటు ఎలాగో డెక్కుకి ఇవి అలాగ. లెగసీ అనే ఫార్మాట్‌లో చాలా డెక్కులకి ఇవి కావాలి, ఒక్కోటి వందల డాలర్లు. సిమెంటు కొనలేనివాడికి ఆర్కిటెక్చర్ ఎంత వస్తే ఏం లాభం?

ఇక అవతలి పక్షం వాదనలకొద్దాం.

మొదటిది, "మాటంటే మాటే, తప్పకూడదు". వినడానికి హరిశ్చంద్రుడి కథలా బాగుంటుంది. మరి కంపెనీ ఈ మాటని ఎన్నిసార్లు దిద్దిందో తెలుసా? మొదటి సెట్లలోని కామన్, అన్‌కామన్ కార్డుల్ని 2002లో లిస్టులోంచి తీసేసింది. మెరిసే ఫాయిల్ కార్డులకి ఒక మినహాయింపు ఉండేది, 2010లో దాన్ని మూసేసింది. 2014లో ఇవే పవర్ నైన్ కార్డుల్ని తన ఆన్‌లైన్ ఆటలో పెట్టింది. కాగితం కాదు కాబట్టి మాట తప్పినట్టు కాదట! 2022లో అయితే ముప్ఫయ్యో వార్షికోత్సవం పేరుతో, బ్లాక్ లోటస్ కూడా తగిలే అవకాశమున్న నాలుగు ప్యాకెట్లు, మొత్తం 60 కార్డులు, 999 డాలర్లకి అమ్మింది. కార్డు వెనక బొమ్మ వేరు, టోర్నమెంట్లో చెల్లవు. అంటే మళ్ళీ అచ్చు వెయ్యడం పాపం కాదు, మామూలు ఆటగాడు ఆడుకునేలా వెయ్యడమే పాపం. సత్యవాక్యం కాస్తా ఇలా "షరతులు వర్తిస్తాయి" దాకా వచ్చాక, ఇంకా దాని పవిత్రత గురించి నాకు చెప్పకండి.

రెండోది, "మళ్ళీ అచ్చేస్తే పాత కార్డు విలువ పోతుంది". షివన్ డ్రాగన్ని చూడండి. ఆల్ఫాలో అదీ రేరే. తర్వాత లెక్కలేనన్ని సార్లు అచ్చేశారు, కొత్తది చిల్లర డబ్బులకి దొరుకుతుంది. అయినా ఆల్ఫా షివన్ డ్రాగన్ ఇవాళ్టికీ వేల డాలర్లు పలుకుతుంది. బర్డ్స్ ఆఫ్ ప్యారడైజ్‌దీ అదే కథ. పాతది పాతదే, దాని గౌరవం దానిది. మళ్ళీ అచ్చేస్తే పడిపోయేది పాతదనానికున్న విలువ కాదు, "ఇది లేకపోతే నువ్వు ఆడలేవు" అన్న బెదిరింపుకున్న ధర. అది పడిపోవాల్సిందే.

మూడోది, "అది చరిత్ర, ముట్టుకోకూడదు". సరే, కథ దగ్గరికే వద్దాం. ఈ ఆటలో పాతకాలపు గొప్ప కథ ఉర్జా, మిశ్రా అనే అన్నదమ్ముల యుద్ధం. (పేరు చూసి మన మిశ్రా గారనుకునేరు.) 1994 నాటి యాంటిక్విటీస్ సెట్ నడిచిందే ఆ కథ మీద. 2022లో ది బ్రదర్స్ వార్ అని అదే కథని మళ్ళీ ఒక సెట్‌గా తెచ్చారు. కానీ మిశ్రా పేరున్న అతి ప్రసిద్ధమైన కార్డు మిశ్రాస్ వర్క్‌షాప్‌ని మాత్రం అందులో అచ్చు వెయ్యలేకపోయారు, లిస్టులో ఉంది కాబట్టి. మహాభారతం మళ్ళీ తీస్తూ గాండీవం హక్కులు మా దగ్గర లేవు అన్నట్టుంది. ఏ చరిత్రని కాపాడుతోందో ఈ లిస్టు?

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను అసలు బాధపెట్టేది, ఈ పద్ధతి ఆట గురించిన వాదనల్ని చెడగొట్టడం. కార్డు బలం ఎక్కువైందా, రూలు మార్చాలా అని అభిమానులు కొట్టుకోవడం ఎంత బాగుంటుంది! రెండు సెమీకోలన్ల కోసం యుద్ధం చేసే మనకి ఆ ఆనందం వేరే చెప్పక్కర్లేదు. కానీ కార్డు ఆస్తి అయ్యాక, వాదించేవాడు ఆట గురించి మాట్లాడుతున్నాడో తన అల్మరా గురించి మాట్లాడుతున్నాడో తెలీదు. 2024 సెప్టెంబర్‌లో కమాండర్ ఫార్మాట్ రూల్స్ కమిటీ మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ లాంటి నాలుగు కార్డుల్ని బ్యాన్ చేసింది. ఆ కమిటీలో ఉన్నది జీతం లేకుండా ఆట మీద ప్రేమతో పనిచేసేవాళ్ళు. వాళ్ళకి బెదిరింపులొచ్చాయి. వారం తిరక్కుండా ఫార్మాట్ బాధ్యత మొత్తం కంపెనీకి అప్పగించేసి తప్పుకున్నారు. ఆ కార్డులు రిజర్వ్‌డ్ లిస్టులోవి కావు, నిజమే. కానీ "నా కార్డు ధర కాపాడటం నీ బాధ్యత" అన్న అలవాటు నేర్పిందెవరు? 1996లో భయపడి ఇచ్చిన ఆ మాటే.

మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్లో నడుస్తున్న సిస్టమ్ ఒక పాత పార్టు మీద ఆధారపడి ఉంది. ఆ పార్టు ఇక తయారుకాదు, ఉన్నవి అరిగిపోతున్నాయి, కొత్తవాళ్ళెవరూ చేరలేరు. బుద్ధున్న ఏ ఆర్కిటెక్టూ దీన్ని "స్థిరత్వం" అనడు. కంపెనీ చేసిందేమిటి? 2011లో మోడర్న్ అని వేరే ఫార్మాట్ మొదలెట్టి, 2003 నుంచీ వచ్చిన సెట్లే అందులో అనుమతించింది. లిస్టు కార్డు ఒక్కటీ అందులోకి రాదు. రోడ్డు మీద గొయ్యి పూడ్చకుండా పక్కన బైపాస్ వేశారన్నమాట. ఆ పాత వీధిలో కాపురమున్న లెగసీ, వింటేజ్ ఆటగాళ్ళ గతి దేవుడికే తెలియాలి.

కంపెనీ మాట నమ్మి పెట్టుబడి పెట్టినవాళ్ళున్నారు, లిస్టు కార్డుల స్టాకు పెట్టుకున్న చిన్న షాపులవాళ్ళున్నారు. వాళ్ళని రాత్రికి రాత్రి ముంచమని నేననడం లేదు. అయిదేళ్ళు ముందుగా తేదీ ప్రకటించండి. ముందు డ్యుయల్ ల్యాండ్స్‌తో మొదలెట్టండి. కొత్త ఫ్రేములో, కొత్త బొమ్మతో వెయ్యండి, పాతదాన్ని ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేలా. అమ్ముకోవాలనుకున్నవాడు నింపాదిగా అమ్ముకుంటాడు, దాచుకోవాలనుకున్నవాడు దాచుకుంటాడు.

అప్పటిదాకా ఇంట్లో ఆడేటప్పుడు ఆ కార్డుల బదులు కాగితం మీద పేరు రాసుకుని ఆడుకోండి. అమ్ముకోవడానికి కాకుండా సొంతంగా ఆడుకోవడానికి చేసుకుంటే తమకి అభ్యంతరం లేదని 2016లో కంపెనీయే చెప్పింది. నా ఎదురుగా కూర్చున్నవాడు నన్ను తెలివితో ఓడిస్తే చేతులెత్తి దణ్ణం పెడతాను. వాడు 1994లో కార్డులు కొన్నాడు కాబట్టి ఓడిపోయానంటే మాత్రం, అది ఆట కాదు, రిజిస్ట్రేషన్ ఆఫీసు.