వెనక సీటుకు గుంత కనపడదు

డబుల్స్ అంటే అందరికీ తెలిసిందే. ఒకరు తొక్కుతుంటారు, ఇంకొకరు ముందు కడ్డీ మీదో వెనక క్యారేజీ మీదో కూర్చుంటారు. ఎత్తు వచ్చిందంటే కూర్చున్నవాళ్లు దిగి నడవాల్సిందే. టాండెమ్ సైకిల్ అలా కాదు. ఒకే సైకిలుకు రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు. ఇద్దరూ తొక్కుతారు. ముందున్నవారు పైలట్... హ్యాండిలూ గేర్లూ బ్రేకులూ సాధారణంగా వాళ్ల చేతిలోనే. వెనకున్నవారిని స్టోకర్ అంటారు. ఆవిరి ఇంజన్‌లో బొగ్గు వేసే మనిషికున్న పేరే ఇది. బలం ఇవ్వడమే వాళ్ల పని, దారి చూడటం కాదు.

చూపులేని వాళ్లకు సైకిల్ సరదాని తెచ్చిపెట్టింది ఈ ఏర్పాటే. పారాలింపిక్స్‌లో దృష్టిలోపం ఉన్నవారి సైక్లింగ్ పోటీలన్నీ టాండెమ్ మీదే. చూపున్న పైలట్ ముందు, పోటీదారు వెనక. గెలిస్తే ఇద్దరికీ పతకాలు. మనదేశంలో పుణెకు చెందిన దివ్యాన్షు గణాత్రా పందొమ్మిదేళ్ల వయసులో గ్లాకోమాతో చూపు కోల్పోయారు. 2016లో ఆయన టాండెమ్ మీద మనాలి నుంచి ఖార్దుంగ్ లా దాకా వెళ్లారు. ఆ దారిలో తారుకంటే రాళ్లే ఎక్కువ కనిపించే చోట్లున్నాయి.

అంతదూరం వద్దు, మన ఊళ్లోనే తిరుగుదామనుకునే జంటలూ ఉంటాయి. భార్యాభర్తలు, తండ్రీకూతుళ్లు, చూపులేని తమ్ముణ్ని వెనక కూర్చోబెట్టుకునే అన్న. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల పైకప్పుతో 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీదైతే ఏ టైరైనా సాఫీగా నడుస్తుంది. ట్రాక్ దిగి కాలనీ రోడ్డెక్కాకే అసలు కథ.

ఆ కథలో ఇబ్బంది పడేది ఎక్కువగా వెనకవాళ్లే. గుంత రాబోతోందని పైలట్‌కు తెలుస్తుంది. పెడళ్ల మీద బరువు వేసి, సీటు మీంచి కాస్త లేస్తారు. దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. స్టోకర్‌కు చూపున్నా ఎదురుగా కనిపించేది పైలట్ వీపే. పైగా వాళ్ల సీటు దాదాపు వెనక చక్రం మీదే ఉంటుంది. పైలట్ ‘గుంత!’ అని అరిచేలోపే చక్రం అందులో పడి లేస్తుంది, ఆ కుదుపు నేరుగా నడుముకు తగులుతుంది. అలా నాలుగుసార్లు జరిగితే ఐదోసారి స్టోకర్ ఏదో ఒక సాకు చెప్పి ఇంట్లో ఉండిపోతారు. కొన్న సైకిలు మెట్ల కింద చేరుతుంది. దానికి మంచి మందు టైరే.

అసలు గాలి టైరు పుట్టిందే సుఖం కోసం. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడుచక్రాల సైకిలు గతుకుల్లో ఎగిరిపడకుండా దానికి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. ఇప్పటికీ సూత్రం అదే... మోసేది గాలి. బరువు పెరిగితే గాలి పెరగాలి. ఎంత పెరగాలన్నదే చిక్కు.

లెక్క వేసి చూద్దాం. పైలట్ 75 కిలోలు, స్టోకర్ 60, సైకిలు 20, సంచీలు మంచినీళ్లూ కలిపి 10. మొత్తం 165 కిలోలు. మామూలు సైకిలుకున్నట్టే దీనికీ రెండే టైర్లు! అంటే ఒక్కోదాని మీద 80 కిలోల పైమాటే. 37 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఈ బరువు మోయాలంటే దాదాపు 80 పీఎస్‌ఐ గాలి కావాలి. రాయిలా ఉంటుంది, ప్రతి కంకరా నడుముకు చెబుతుంది. తగ్గించామా, గుంత అంచుకు, రిమ్ముకు మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. పాము కాటు పంచరు అనేది దీన్నే. అదే 50 మిల్లీమీటర్ల టైరైతే అంతే బరువుకు 50 పీఎస్‌ఐ దగ్గర సరిపోతుంది. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, ఆపైన ఐదు అటూ ఇటూ చేసి చూసుకోవాలి. టైరు అంచున ముద్రించిన గరిష్ఠ పీడనం మాత్రం దాటకూడదు.

వెడల్పు టైరు ఈడ్చుకుపోతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్లు వాడిన రేసు సైకిళ్లే ఇప్పుడు 28, 30కి వచ్చాయి. కాబట్టి టాండెమ్‌కు ఫ్రేమూ బ్రేకులూ ఒప్పుకొన్నంత వెడల్పు వేసుకోవడమే మేలు. టైరుకు, ఫ్రేముకు మధ్య అటూ ఇటూ ఐదేసి మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. లేకపోతే చక్రం కాస్త బెండు వచ్చినా రాసుకుంటుంది.

ఇక ముళ్లు. పల్లేరు కాయ సంగతి మనకు ఒకరు చెప్పాలా? అమెరికా పడమటి రాష్ట్రాల సైక్లిస్టులూ దాన్నే తిట్టుకుంటారు. అక్కడ దాని పేరు ‘మేకతల’. మనకైతే దానికి తోడు సర్కారు తుమ్మ. వీటికోసం టైరు లోపల రక్షణ పొర వేసినవి వస్తున్నాయి. జర్మనీ కంపెనీ ష్వాల్బే చేసే మారథాన్ ప్లస్‌లో ఆ పొర మందం ఐదు మిల్లీమీటర్లు, గుండుపిన్ను గుచ్చుకున్నా ట్యూబు దాకా వెళ్లదు. కానీ బరువు, బిగుసు ఎక్కువ. ముల్లుకు భయపడి నడుంనొప్పి కొనుక్కున్నట్టవుతుంది. ఊళ్లు తిరిగే దూరప్రయాణాలకైతే సరే... వారానికోసారి షికారుకెళ్లే జంటకు ముందు వెడల్పు చూసుకుని, ఆ తర్వాత మధ్యరకం రక్షణ పొర చూసుకుంటే చాలు. మరీ పల్చని రేసు టైర్లు హాయిగానే ఉంటాయిగానీ ఇద్దరి బరువుకు పక్కలు తొందరగా చిరుగుతాయి. కొన్ని కంపెనీలు ఒక్కో టైరు ఎన్ని కిలోలు మోస్తుందో చెబుతాయి. ఇద్దరూ బొద్దుగా ఉండి సామాను కూడా కట్టుకునేట్టయితే ఆ అంకె చూడకుండా డబ్బు కట్టకూడదు.

కొలతల దగ్గర చాలామంది దెబ్బతింటారు. మన పాత నల్ల సైకిలు టైరు 28 అంగుళాలు, చాలా టాండెమ్‌లకు వచ్చేదీ 28 అంగుళాలే. కానీ ఒకదానికొకటి పట్టదు! మనది 635, అది 622. టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం మిల్లీమీటర్లలో అది. 26 అంగుళాల్లోనూ ఇదే తిరకాసు, మౌంటెన్ బైక్ రకం 559 అయితే, మన దగ్గర దొరికే 26 ఇన్‌టూ ఒకటీ మూడుబై ఎనిమిది రకం 590. పాత టైరు పక్కన 47-622 అనో 50-559 అనో ఉంటుంది. అది కాగితమ్మీద రాసుకుని వెళ్లాలి. సైకిలు ఇంకా కొనని వాళ్లయితే 559 చక్రాలున్నది చూడటం నయం. చిన్న చక్రం గట్టిగా ఉంటుంది, మౌంటెన్ బైక్ టైర్లు ఓ మాదిరి పట్టణాల్లోనూ దొరుకుతాయి. ట్యూబుకు మోటార్‌సైకిల్ రకం వాల్వు ఉంటే ఏ పంచరు షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. సన్న వాల్వు రకమైతే సొంత పంపు వెంట ఉండాల్సిందే.

అనంతగిరి ఘాట్‌లాంటి చోట దిగుతున్నప్పుడు మరో ప్రమాదం ఉంది. ఇద్దరి బరువును రిమ్ము పట్టే బ్రేకులతో ఆపుతూ పోతే రిమ్ము కాలిపోతుంది, లోపల గాలి వేడెక్కి పీడనం పెరుగుతుంది, టైరు రిమ్ము నుంచి ఊడి పేలిపోయే అవకాశం ఉంది. వెడల్పు టైరు, తక్కువ గాలి ఇక్కడా ఆదుకుంటాయి. అయినా మధ్యమధ్య ఆగి చల్లారనివ్వడం తప్పదు. డిస్కో డ్రమ్మో ఉన్న సైకిలైతే రిమ్ముకు ఈ బెడద లేదు.

వెనక టైరే ముందు అరుగుతుంది. అరిగిన దాన్ని ముందుకు మార్చి పొదుపు చేయాలనిపిస్తుంది, చేయకూడదు. ముందు టైరు పేలితే హ్యాండిల్ అదుపు తప్పుతుంది, ఇద్దరూ పడతారు. ముందున్న దాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయాలి.

పంచరు పడ్డప్పుడు ట్యూబు తీశాక టైరు లోపలంతా ఓ పాత నూలు గుడ్డ తిప్పాలి. మిగిలిపోయిన ముల్లు ఉంటే గుడ్డకు పట్టుకుంటుంది. వేలితో వెదికితే గాజుపెంకు కోసుకుంటుంది. ఈ పనికి కళ్లు అక్కర్లేదు. స్టోకర్ ఆ పని చేస్తుంటే పైలట్ ఈలోగా ట్యూబుకు ప్యాచ్ వేసుకోవచ్చు.