శాతం చూసి కంగారుపడకండి, దేనిమీద శాతమో అడగండి



ఫలితాలొచ్చిన రోజు మన సరిహద్దు ఇళ్ళల్లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. "మా పాపకి 500 వచ్చినాయి, మీవాడికి ఎన్ని?" అని గుంతకల్లు నుంచో, ఆదోని నుంచో బంధువులు అడుగుతారు. మనవాడికి 510 వస్తే మనమే గెలిచామనుకుంటాం. కానీ ఆంధ్రలో పదో తరగతి పరీక్ష 600 మార్కులకు, మన ఎస్సెస్సెల్సీ 625కు. వాళ్ళ 500 అంటే 83.33 శాతం. మన 510 అంటే 81.6 శాతమే.

మార్కుల జాబితాలోనూ ఇదే చిక్కు. ప్రథమ భాష తెలుగు 125కు, గణితం 100కు. తెలుగులో 90, లెక్కల్లో 72 వస్తే "లెక్కల్లో వెనకబడ్డావు" అని పిల్లల్ని తిట్టకండి. రెండూ 72 శాతమే.

ఇక వార్తల సంగతి. రాష్ట్ర ఉత్తీర్ణత 2023లో 83.89 శాతం, 2024లో 73.40 శాతం. తేడా 10.49 శాతం పాయింట్లు. పాత సంఖ్యమీద లెక్కేస్తే 10.49 ÷ 83.89 × 100, అంటే సుమారు 12.5 శాతం తగ్గుదల. రెండు మాటలూ ఒకటి కావు.

ఇదే కమ్మీ చిత్రంగా గీసి, నిలువు అక్షాన్ని 70 దగ్గర మొదలుపెడితే 2024 కమ్మీ పాతదానిలో నాలుగో వంతే కనిపిస్తుంది. సున్నా నుంచి గీస్తే అసలు తేడా తెలుస్తుంది. పిల్లలూ, రెండూ గీసి ఇంట్లో చూపించండి.

మరి ఒక్క ఏడాదిలో పిల్లల చదువు అంత పడిపోయిందా? 2024లో పరీక్ష గదుల్లో వెబ్‌కాస్టింగ్ నిఘా పెట్టారు. గ్రేస్ మార్కులను 20 శాతానికి పెంచారు. మొదటిది కాపీకి అడ్డుకట్ట, రెండోది ఉత్తీర్ణతను పైకి లేపేది. కొలబద్దే మారినప్పుడు రెండేళ్ళనూ నేరుగా పోల్చలేం.

చివరిగా సంభావ్యత. పరీక్ష రాసినవాళ్ళలో ఒకరిని చూడకుండా ఎంచితే, వాళ్ళు పాసై ఉండే సంభావ్యత 0.734. అంతేగాని "మా అమ్మాయి పాసయ్యే అవకాశం 73 శాతం" అని కాదు. రోజూ లెక్కలు చేసే అమ్మాయి సంగతి రాష్ట్ర సగటు చెప్పలేదు.

ఈసారి ఎవరైనా శాతం చెబితే ఒక్క ప్రశ్న వేయండి: "ఎంతలో?" పిల్లల్ని బడి మార్చాలా, ట్యూషన్ పెట్టాలా అనేది ఆ తర్వాతే ఆలోచించండి.